తాళం వేసిన గదిలో పంపు

ఆగయ్యకు అన్యాయం జరిగింది 2024 మార్చి 9న. మూడేళ్లు, విందులకు అద్దెకిచ్చే పార్టీ బోటు మీదే తిని, పడుకుని, కాపలా కాసిన మనిషిని యజమాని రామానుజం ఎర్ర సిరాతో రిజిస్టర్‌లో "తాగుబోతు" అని రాసి మరీ వెళ్లగొట్టాడు. చేసిన నేరమేంది? తాళం వేసిన పాయఖానాలో రాత్రిపూట ఎవరో ఉన్నరని చెప్పడం!

ఫలక్‌నుమా అవతలి చెరువులో కట్టేసి ఉండే ఆ బోటుకు అప్పటికే చెడ్డపేరు. మునిగి చచ్చిన పెళ్లికూతురు దెయ్యమై తిరుగుతోందట... ఇంత చెరువుండగా ఆమెకు పాయఖానానే దొరికిందా అని ఒక్కడూ అడగలేదు. పార్టీలకొచ్చేవాళ్లంతా చదువుకున్నవాళ్లు మరి!

కాపలాకు కొత్తవాడెవడూ రాలేదు. ఆగయ్య భార్య సుందరమ్మ వచ్చింది.

"నేనుంట సారూ. మా ఆయన చుక్క ముట్టడు. అది తేలాలె."

"దెయ్యమొస్తే?"

"నా నోటికి అదే దడుచుకుంటది."

ఏప్రిల్ 5, శుక్రవారం రాత్రి. తాళంచెవి కొంగుకు ముడేసుకుని పాయఖానా తలుపు ముందే కూచుంది. అది బకెట్‌తో నీళ్లు పోసేది కాదు. బటన్ నొక్కితే పంపు గాలితో గుంజి ట్యాంకులో పడేస్తుంది. నొక్కితేనే మోగాలి.

ఒంటిగంటకు...

గుర్ర్‌ర్‌ర్...

లోపల — పళ్లు కొరికినట్టు. ఆ తర్వాత చడీచప్పుడు లేదు.

"ఎవరే లోపల?" తలుపు బాదింది.

అరగంటకు మళ్లీ — గుర్ర్‌ర్‌ర్...

తాళం తీసి టార్చి వేసింది. ఎవరూ లేరు. గిన్నెలో నీళ్లు మాత్రం, కింద ఎవరో నోరు పెట్టి తాగుతున్నట్టు, సన్నగా దిగిపోతున్నాయి...

కాళ్లు గట్టు వైపు లాగాయి. పారిపోతే మొగుడు జన్మంతా తాగుబోతే! ఏసయ్యను తలుచుకుంటూ తెల్లారేదాకా కూచుంది.

పొద్దున రామానుజం నిమ్మకాయ, మిరపకాయల కొత్త దండ తెచ్చాడు. దిష్టి తగలకుండా, దెయ్యం సోకకుండా శనివారం శనివారం మార్చాలి కదా! బోటు ముందు వేలాడుతున్న పాతది విప్పి, తిన్నగా పాయఖానాలోకి నడిచాడు.

"అదెక్కడికి సారూ?"

"చెరువులో వేస్తే జరిమానా. నలుగురు తొక్కే చోట పడెయ్యరాదు. అందుకే ఇందులో..." చెయ్యి బటన్ మీదికి పోయింది.

"ఎన్నాళ్ల సంది?"

"మూడు నెలలైతుండొచ్చు..."

ఆమె ఆ దండ లాక్కుని మెకానిక్ మున్నాను పిలిపించింది. వాడు వాల్వు విప్పి పటకారుతో గుంజాడు.

"ఖాలా, యే దేఖో! ఇగో, సూడు పిన్నమ్మా!"

తుప్పుపట్టిన తీగ, నల్లదారం, కుళ్లిన మిరపకాయ. అవి అడ్డం పడి వాల్వు మూసుకోవట్లేదు. గిన్నెలో నీళ్లు కారిపోయి పైపులోకి గాలి చొరబడినప్పుడల్లా, దాన్ని గుంజెయ్యడానికి పంపు తనంతట తానే తిరుగుతోంది. దెయ్యం రాకుండా కట్టిన దండే దెయ్యమై కూచుంది!

రామానుజం ఇకిలించాడు. "సరే, ఆగయ్యను రమ్మను."

"వస్తడు. ముందు రిజిస్టర్ తియ్యి సారూ. ఆ ఎర్ర సిరాతోనే రాయి."

రాశాడు. ఆమె కూడబలుక్కుని గట్టిగా చదివింది — గట్టు మీదివాళ్లంతా వినేలా:

"ఆగయ్య తాగలేదు. పాయఖానాలో దండ వేసింది నేనే. రామానుజం, 6–4–2024."