పసుపు చెదరని బోల్టులు

అనంతపురంలో డిటెక్టివ్ దివాకర్ గదికి వచ్చిన నాగలక్ష్మమ్మ కుర్చీ అంచున కూర్చుని కొంగు నలుపుతూ ఉంది. ధర్మవరంలో పట్టునూలుకు రంగులద్దే కుటుంబం వాళ్లది. 1983 వేసవిలో, కాగిన రంగునీళ్లను బానలోంచి తొట్టిలోకి తోడడానికి ఇంట్లోనే కరెంటు పంపు పెట్టుకున్నారు. మూడు రోజుల కిందట ఆ పంపు నుంచి మరిగే రంగు చిమ్మి ఆమె భర్త రామాంజులు రెండు చేతులూ కాలాయి.

"పనిచేసే తిప్పయ్య బోల్టులు వదులు చేసినాడంటాడు మా ఆయన. ముందురోజు ఇద్దరూ మాటామాటా అనుకున్నారు. రేపు పోలీసులకు పట్టిస్తాడంట. తిప్పయ్య అట్లాంటోడు కాదు సారూ. లోపల రబ్బరు మెత్తబడిందేమో! ఎవురూ చేయలేదని తేల్చండి."

"ఎవరు చేశారో కనుక్కోమని కదమ్మా అడగాలి?"

ఆమె కొంగు ముడి విప్పి డబ్బులు బల్ల మీద పెట్టింది. అసిస్టెంటు బయ్యన్న ఆ మాటలన్నీ పుస్తకంలో రాసుకున్నాడు.

మధ్యాహ్నానికి ధర్మవరం చేరారు. దివాకర్ పంపు ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు బోల్టులే చూశాడు. పక్కన బయ్యన్నా గొంతుక్కూర్చున్నాడు. అతనికేమీ కనిపించలేదు గానీ, తన గురువు చూస్తున్నాడంటే అక్కడ ఏదో ఉండి తీరుతుందని అతని నమ్మకం.

"ఈ పంపు ఎక్కడిది?"

"మా బావిది సారూ," అన్నాడు రామాంజులు, కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని. "వానల్లేక బావి ఎండిపోయింది. ఊరికే పడుండాదని ఈడికి తెచ్చినాం. వేడికి పనికొస్తాదా అని మా ఇంటామె అంగట్లో అడిగొచ్చింది. పనికొస్తాదన్నారంట. పోయిన శుక్రవారం పసుపు పూసి, కుంకుమ పెట్టి, చన్నీళ్లతో తిప్పి చూసినాం. బాగానే తోడింది."

"నేను పానా ముట్టలేదన్నా," అన్నాడు తిప్పయ్య. మూడు రోజులుగా అదే మాట చెప్పి చెప్పి అతని గొంతు బొంగురుపోయింది.

దివాకర్ ముగ్గురినీ పంపు దగ్గరికి పిలిచాడు.

"బోల్టులు చూడండి. పూజనాటి పసుపు ఎండి పెచ్చుకట్టింది. పానా పడితే రాలిపోయేది. ఎక్కడా చెదరలేదు. తిప్పయ్య వీటిని ముట్టలేదు."

బయ్యన్న పంపు విప్పాడు. లోపలి రబ్బరు వాషరు జిగురై వేలికి అంటుకుంది.

"ఇది చన్నీళ్ల పంపు. మరిగే రంగుకు వేడి తట్టుకునే వాషరున్న పంపు వేరే ఉంటుంది. అంగడివాళ్లకు అది తెలియకపోదు. విప్పకముందే రబ్బరు మెత్తబడిందని మీకెలా తెలిసిందమ్మా?"

నాగలక్ష్మమ్మ గోడకు చేరగిలబడింది.

"రబ్బరు కరుగుతాది, వేడికి పెట్టొద్దని అంగడాయన చెప్పినాడు. నేనే పనికొస్తాదని అబద్ధం చెప్పినా. ఆ బావి మా నాయన తవ్వించింది, ఆ పంపు ఆయన తెచ్చింది. పనికిరాదంటే పాత ఇనుముకు ఏస్తారని… ఈయన చేతులు చూసినాక నోరు పెగల్లేదు. తిప్పయ్యను అంటాంటే వింటా నిలబడినా. పాపిష్టిదాన్ని."

రామాంజులు తిప్పయ్య వైపు తిరిగి చేతులు జోడించబోయాడు. కట్లు అడ్డం వచ్చాయి. అది చూసి నాగలక్ష్మమ్మ ముందుకొచ్చి ఇద్దరి తరఫునా తానే చేతులు జోడించింది.

"ఆ దండమేదో మూడు దినాల ముందు పెట్టింటే సరిపోయేది కదక్కా," అన్నాడు తిప్పయ్య.

ఆమె చేతులు దించలేదు.