మారుమాట చెప్పని కొడుకు

తెలతెలవారుతోంది. చింతాద్రిపేటలోని ఆ అద్దెయింట్లో సామాన్లన్నీ మూటలు కట్టి ఉన్నాయి. పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో కోదండరాంకి ఉద్యోగమొచ్చింది, క్వార్టర్సూ ఇచ్చారు. కాసేపట్లో జట్కా వస్తుంది. వాళ్ళమ్మ చూడామణి మాత్రం ఖద్దరు కొంగు బిగించి వీధితలుపు ముందు పీట వేసుక్కూర్చుంది. నిన్నటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

"ఏమ్మా, మాతో సత్యాగ్రహమా? మేమేమన్నా తెల్లదొరలమా?" అన్నాడు కోదండరాం.

"నేనీడనించి కదల్ను. పెద్దోడు ఆ కొత్తింటికి ఎట్టా వస్తాడు? వాడికి ఈ ఇల్లే తెలుసు."

"అన్న పోయి ఎన్నేండ్లయింది! నీకేమన్నా పిచ్చామ్మా?"

కోడలు కస్తూరి మూట ముడి బిగిస్తూ తలుపుకేసి చూసింది. అత్త రోజూ వినే ఆ తలుపు చప్పుడు, కాపురానికొచ్చిన మర్నాడే తెల్లవారుజామున తనూ విన్నది మరి! మొగుడు వెక్కిరిస్తాడని చెప్పలేదంతే.

క్విట్ ఇండియా రోజుల్లో పెద్దకొడుకు ఆదికేశవులు అజ్ఞాతంలో తిరిగేవాడు. లోపలినుంచి "వందేమాతరం" అంటే బయటినుంచి "స్వరాజ్యం" అనాలి, అనకపోతే గడియ తీయొద్దని కట్టడి చేసింది అతనే. ఒకనాడు తెల్లవారుజామున తలుపు చప్పుడైంది. చూడామణి "వందేమాతరం" అంది. జవాబు లేదు. పోలీసులే అనుకుని గుండె చిక్కబట్టుకు కూర్చుంది. పొద్దెక్కాక తీస్తే ఏముంది? లాఠీదెబ్బలకు తల పగిలి, దవడ విరిగి, మాట రాక, కొడుకు అరుగుమీదే ప్రాణం వదిలి ఉన్నాడు.

టక్... టక్...

ఈసారి కోదండరాం కూడా విన్నాడు. మొహం పాలిపోయింది.

"వందేమాతరం," అంది చూడామణి, రోజూలాగే.

మళ్ళీ టక్ టక్. అంతే.

 కస్తూరికి ఉక్రోషం ఆగలేదు. "తియ్యరాదా అత్తా! మాట రాక నిలబడుకోనుంటే, ఇంకా జవాబడగతా ఉండావే! నీకు మనసెట్టా వస్తంది?"

"తీస్తే..." చూడామణి గడియకేసి చూసింది. "తీస్తే ఆడ ఎవురూ లేకపోతే? తియ్యకుంటే వాడుండాడనన్నా అనుకుంటా గదమ్మా!"

కస్తూరి కళ్ళు నిండాయి. అత్తను చేయి పట్టి లేపింది. ఇద్దరూ కలిసి గడియ తీశారు.

వీధిలో నరపురుగు లేదు. రాత్రి వానకు తడిసిన మట్టిలో అడుగుజాడ ఒక్కటీ లేదు. చల్లటి గాలి మాత్రం ముగ్గురినీ ఒరుసుకుంటూ లోపలికి పోయింది.

చూడామణి గుమ్మంలో కూలబడి బావురుమంది. "నువ్వేం చెప్పొద్దు నాయనా... లోపలికి రా."

కోదండరాం తల్లి పాదాలు పట్టుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా. ఇన్నాళ్ళూ నిన్ను పిచ్చిదాన్ని చేసినా."

జట్కా రాగానే చూడామణి తనే ముందెక్కింది. వెనకే కొడుకూ కోడలూ ఎక్కారు. "జరుగు కోదండం, అన్నకి చోటియ్యి," అంది.

అతను జరిగి చోటిచ్చాడు. ఇంకెవరూ ఎక్కకుండానే జట్కా కాస్త కుంగింది.