ట్రంకు రోడ్డు మీద తారు దెయ్యం

మనుబోలు దాటి గూడూరు దోవన పోతుంటే ట్రంకు రోడ్డు ఒకచోట పల్లంలోకి దిగి, చిన్న వాగు దాటి మళ్ళీ మెరక ఎక్కుతుంది. ఆ పల్లానికి చెడ్డపేరుండేది. తాతల నాటి పేరు కాదు. చైనా యుద్ధం అయిన మరుసటేడు, కార్తీకం వానల్లో పుట్టిన పేరు. పుట్టడం ఆలస్యం, అటు నాయుడుపేట దాకా, ఇటు నెల్లూరు దాకా పాకిపోయింది. మంచి మాట గడప దాటడానికి బద్ధకిస్తుంది గాని, దెయ్యం మాట లారీ ఎక్కి పోతుంది గదా.

మిలటరీ బండ్లకు రోడ్డు చాలడం లేదని అప్పుడు వెడల్పు చేస్తా ఉన్నారు. ఒక సగం మూసి తవ్వడం, రెండో సగం మీద బండ్లను వదలడం. మూసిన సగానికి అడ్డంగా ఖాళీ తారు డ్రమ్ములు, వాటి మీద ఎర్రగుడ్డ చుట్టిన లాంతర్లు. వాగులో వేయడానికి తెచ్చిన సిమెంటు తూములు రోడ్డు పక్కనే వరసగా పడున్నాయి. మనిషి నడుం వంచి దూరేంత పెద్దవి.

ఆ తూముల్లోంచి రాత్రిళ్ళు మూలుగు వినపడిందంట. ఆడగొంతు. దాంతోపాటు రోడ్డు మీద ఒక ఆకారం... నిలువెల్లా నలుపు, మొహమే లేదు, చేతులు చాపి లారీల వెంట పడి పరిగెత్తేది. చూసిన డ్రైవర్లు ఇంజనుకు ఊపిరాడనీకుండా తోలుకొచ్చి, నెల్లూరు టీకొట్ల దగ్గర కూర్చుని, తాము ఎంత ధైర్యంగా పారిపోయి వచ్చిందీ చెప్పుకునేవాళ్ళు.

దగ్గర్లో కండ్రిగ అని ఒక ఊరు. దానికి జయరామయ్యగారని ప్రెసిడెంటు. ఆయన మంత్రగాణ్ణి తీసుకొచ్చి, పట్టపగలు, పదిమందిని వెంటేసుకుని, ఆ తూముల ముందర గుమ్మడికాయ పగలగొట్టించినాడు. ఆ రాత్రికి మూలుగు ఆగిపోయింది. ఇంకేముంది! జయరామయ్యగారి మీసం పట్టుకోవడానికి లేకుండా పోయింది. దెయ్యం తన కళ్ళలోకి చూడలేక తల దించుకుని పోయిందని చెప్పినాడు. దానికి మొహమే లేదన్నారే, తల ఎట్లా దించిందని అడిగినవాడు లేడు. ప్రెసిడెంటు మాట గదా.

పరంజ్యోతి అడిగి ఉండేది గాని, ఆమెకప్పుడు తీరిక లేదు.

పరంజ్యోతి అంటే మనుబోలులో కాన్పులు చేసే నర్సమ్మ. తెల్ల చీర, చేతిలో తోలు సంచీ, నాలుక మీద కారం. ఆ చుట్టుపక్కల మగవాళ్ళందరినీ, వాళ్ళ పెళ్ళాలు నొప్పులు పడుతున్నప్పుడు వసారాలో కూర్చుని వణికే అవతారంలో చూసిందేమో, ఒక్కరి మీసానికీ విలువ ఇచ్చేది కాదు.

గుమ్మడికాయ పగిలిన కొన్నాళ్ళకు జయరామయ్యగారి కోడలికే కాన్పు. మనవడు పుట్టేసరికి బాగా చీకటి పడింది. పడుకుని పొద్దున్నే పోదువులే అని ఇంట్లోవాళ్ళన్నారు. తెల్లవారితే ఇంకో ఇంట్లో పనుంది, పోవాల్సిందేనని ఆమె అనింది. పల్లం సంగతి ఎవరో ఎత్తినారు. జయరామయ్యగారు కొత్త టార్చిలైటు చేత పట్టుకుని లేచినాడు. తానుండగా దెయ్యమేమిటి, దగ్గరుండి దిగబెట్టి వస్తానన్నాడు. జట్కా కట్టించినారు. తోలేవాడు ఓబులేసు.

సన్నగా తుంపర పడతా ఉంది. దోవ పొడుగునా ప్రెసిడెంటుగారు గుమ్మడికాయ కథే చెప్పినాడు. పరంజ్యోతి సంచీ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నిద్ర నటిస్తే మాట ఆపుతాడేమోనని. ఆపలేదు.

జట్కా పల్లంలోకి దిగింది. డ్రమ్ముల మీద ఎర్ర దీపాలు. అవతల కాపలావాడి పాక. అందులో పడున్న చుట్ట నుంచి ఇంకా పొగ వస్తా ఉంది... కాపలావాడు లేడు.

గుర్రం ఆగిపోయింది.

ఓబులేసు అదిలించినాడు. అది చెవులు నిక్కబొడుచుకుని, తూముల వైపు చూస్తా నిలబడింది.

అప్పుడు వినపడింది —

మూలుగు. సన్నగా మొదలై, పైకి లేచి, సగంలో తెగిపోయింది.

ప్రెసిడెంటుగారి కథ కూడా సగంలో తెగిపోయింది.

"విన్నావా నర్సమ్మా..." అన్నాడు.

ఆమె చూడటానికని కిందికి దిగింది. అంతలో డ్రమ్ముల వెనక నుంచి లేచిందది. నిలువెత్తు నలుపు. తల ఉండాల్సిన చోట కొసదేలిన చీకటి. మొహం లేదు. చేతులు చాపి, తడబడతా, జట్కా మీదికి వస్తా ఉంది —

ఓబులేసు గుర్రాన్ని తిప్పినాడు. చక్రం ఆమె చీరకొంగు రాసుకుంటా పోయింది. గిట్టల చప్పుడు మెరక ఎక్కి వినపడకుండా పోయేదాకా పట్టిన సేపు చాలా తక్కువ. మనుషుల్లో అంత చురుకుదనం ఉందని పరంజ్యోతికి ఆనాడే తెలిసింది.

తానూ పరిగెత్తేదే. కానీ మళ్ళీ మూలుగు లేచింది, అదే ఎత్తుకు పోయి అక్కడే తెగింది. ఆ మూలుగు ఆమెకు తెలుసు. దీపాలు పెట్టే వేళకు ప్రెసిడెంటుగారి నడవాలో, పట్టెమంచం మీద విన్నది అదే మూలుగు. అక్కడ దాన్ని నొప్పులన్నారు. తూములో ఉంటే దెయ్యమన్నారు.

"ఎవరది?" అనింది.

ఆకారం ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. తల మీది గోనెసంచి ముసుగు జారింది. కింద మనిషి మొహమే — బుగ్గల దాకా తారు, కళ్ళు మాత్రం తెల్లగా.

"ఉరకకమ్మా... నీ కాల్మొక్త. నా పెండ్లాం తూముల ఉన్నది. బిడ్డ వస్తలేదు."

పాలమూరు కూలి. పేరు తిర్పతయ్య. తారు కాచే పని. మేస్త్రి మిగిలిన కూలీలను అవతలి వంతెన పనికి తోలుకుపోయినాడు. నిండు నెలల లింగమ్మ కదల్లేక, ఆమెతో ఇతనూ ఇక్కడే ఉండిపోయినారు. తూమే ఇల్లు. నొప్పులు మొదలైనప్పటి నుంచి రోడ్డెక్కి కనపడిన బండినల్లా బతిమాలుతున్నాడు. కాపలావాడైతే ఇతను నోరు తెరవకముందే చుట్ట పారేసి లేచిపోయినాడంట.

పరంజ్యోతి డ్రమ్ము మీది లాంతరు అందుకుని, ఎర్రగుడ్డ పీకి పారేసింది.

"ప్రెసిడెంటుగారూ!" అని చీకట్లోకి గట్టిగా పిలిచింది. "ఎక్కడున్నా రాండి. మనుషులే. ఆ టార్చి అన్నా ఇచ్చిపోండి."

తుంపర చప్పుడు తప్ప ఏమీ లేదు. జట్కాతో పాటే ఇల్లు చేరి, గొళ్ళెం కూడా పెట్టుకుని ఉంటాడనుకుని తూములోకి దూరింది.

ముందు బిడ్డ కాళ్ళు వచ్చున్నాయి. లింగమ్మకు అరిచే సత్తువ కూడా అయిపోతా ఉంది. వంగితే వీపుకి, లేస్తే తలకి సిమెంటు. పరంజ్యోతి మోకాళ్ళ మీద కూర్చుని, లాంతరు తిర్పతయ్య చేతికిచ్చింది. వెలుగంతా తూము గోడల మీద ఊగతా ఉంటే, అతని మనసు మళ్ళించడానికి ఏదో ఒకటి మాట్లాడమనింది. ముందు రాత్రిళ్ళు మూలిగింది కూడా నీ పెళ్ళామేనా అని అడిగింది.

కాదన్నాడు.

అది వాళ్ళ వదినె. జ్వరం. ఈ తూములోనే పడుకుని, నీళ్ళో అని కొన్ని రాత్రులు మూలిగింది. ఆసుపత్రికి తీసుకుపోదామని తానూ, తన అన్నా, రోడ్డు మీద పడి లారీలకు చేతులు చాపినారు. ఒక్కటీ ఆగలేదు. తర్వాత ఒక పగలు, పెద్దమనుషులు శానామంది వచ్చినారు. ఆదుకోవడానికే వచ్చినారనుకుని దండం పెట్టబోతే, కూలోళ్ళు దూరంగా పోండని తరిమేసి, గుమ్మడికాయ పగలగొట్టి పోయినారు. ఆ సాయంత్రం ఆమె ప్రాణం పోయింది.

పరంజ్యోతి చేతులు ఒక్క క్షణం ఆగినాయి.

మూలుగు ఆగింది ఎందుకో అప్పుడు అర్థమైంది ఆమెకు. ఆ రాత్రి మొత్తం మీద ఆమె నిజంగా భయపడింది అప్పుడే.

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. వీపు మీద చరిస్తే, పెద్దగా, కోపంగా ఏడ్చింది. కానీ లింగమ్మకు రక్తం ఆగడం లేదు. నెల్లూరు పెద్దాసుపత్రికి చేర్చకపోతే దక్కదు. పొత్తికడుపు మీద ఎట్లా అదిమి పట్టాలో తిర్పతయ్యకు చూపించి, చేయి తీసినావంటే నీ పెళ్ళాన్ని నువ్వే చంపుకున్నట్టని చెప్పి, లాంతరు పట్టుకుని ఆమె రోడ్డెక్కింది.

గూడూరు వైపు నుంచి లారీ వెలుగు వచ్చింది. పరంజ్యోతి మూయని సగంలో నిలబడి లాంతరు ఊపింది. లారీ నెమ్మదించింది... ఆ వెలుగులో తెల్ల చీర, చీర మీద రక్తం, విడిపోయిన జుట్టు. లారీ కేక పెట్టినట్టు హారను మోగించి, ఆమెను తప్పించుకుని దూసుకుపోయింది.

తర్వాత ఒక బస్సు. నిండా జనం. అందరూ ఒక్కసారే గోవింద కొట్టినారు గాని, ఆపమన్నవాడు లేడు.

పరంజ్యోతి ఆ బస్సు వెనక దీపం వంక చూస్తా నిలబడింది. ఇంతసేపూ ఆమెకు కోపమే ఉండింది. ఇప్పుడు అసహ్యం వేసింది. ఆడది రక్తమోడుతూ రోడ్డు మీద నిలబడితే, ఆమెకేమైందోనని ఒక్కడికీ తోచలేదు గదా.

కొంగు బిగించింది. మూసిన సగానికి అడ్డంగా ఉన్న డ్రమ్ములను ఒక్కొక్కటే పడదోసి, దొర్లించుకొచ్చి, రెండో సగానికి అడ్డం పెట్టింది. ప్రభుత్వం సగం రోడ్డే మూసింది. ఆమె మొత్తం మూసేసింది. ఇంకో డ్రమ్ము మీది ఎర్రలాంతరు నడుమ పెట్టి, పక్కన నిలబడింది. రాండి, ఇప్పుడు ఎట్లా పోతారో చూస్తా అనుకుంది.

ఈసారి వచ్చిన లారీ ఆగక తప్పలేదు. డ్రైవరు పేరు మాల్యాద్రి. కళ్ళు గట్టిగా మూసుకుని, స్టీరింగు పట్టుకుని ఏదో గొణుగుతున్నాడు. ఆమె తలుపు లాగింది.

"దిగు."

"నన్ను వదిలిపెట్టు తల్లీ. పిల్లలుగల వాణ్ణి..."

"లారీలో ఏముంది?"

"గూడూరు నిమ్మకాయలు తల్లీ."

"బండెడు నిమ్మకాయలు పెట్టుకుని కూడా వణుకుతున్నావా నాయనా? దిగు. అక్కడ బాలింత చస్తా ఉంది."

బాలింత అన్న మాటకు మాల్యాద్రి కళ్ళు తెరిచినాడు. ఆమె కాళ్ళ వైపు చూసినాడు. పాదాలు ముందుకే ఉన్నాయి. వాటికి బురద కూడా ఉంది. సిగ్గుపడి కిందికి దూకినాడు.

లింగమ్మ బతికింది. బిడ్డా బతికింది. ఆ దిగులు మీకు పెట్టను. మాల్యాద్రి ఆ రాత్రి నడిపినట్టు బండి మళ్ళీ ఎన్నడూ నడపలేదంట. కానీ బండి కదలక ముందు ఇంకొకటి జరిగింది.

నిమ్మకాయల బస్తాల మీద గోనెపట్టాలు పరిచి, లింగమ్మను దుప్పట్లో మోసుకొస్తా ఉన్నారు. తూముల వరస చివరికి వచ్చేసరికి...

మళ్ళీ మూలుగు.

చివరి తూములోంచి. ఈసారి మగగొంతు.

మాల్యాద్రి చేతిలో దుప్పటి కొస జారబోయింది. తిర్పతయ్య పళ్ళు టకటకా కొట్టుకున్నాయి — ఆ తూముల్లో తాము తప్ప ఎవరూ లేరని అతనికి తెలుసు. పరంజ్యోతి వాళ్ళను దుప్పటి కదలకుండా నడవమని చెప్పి, లాంతరెత్తి ఆ తూములోకి చూసింది.

మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, తడిసిన పంచెతో, ఆరిపోయిన టార్చిలైటు గుండెకు అదుముకుని — జయరామయ్యగారు. జట్కా తిరిగే లోపలే దూకినట్టున్నాడు. పది బారల దూరంలో ఉండి, లింగమ్మ అరుపులూ విన్నాడు, బిడ్డ ఏడుపూ విన్నాడు. తనను పిలిచిన పిలుపూ విన్నాడు.

"నర్సమ్మా..." అన్నాడు గుసగుసగా. "పోయిందా అది?"

ఆమె ఆయన చేతిలోంచి టార్చి లాక్కుంది. వెలిగించి చూసింది. బాగానే వెలిగింది.

"పోలేదు," అనింది. "ఇక్కడే ఉంది. తెల్లారేదాకా కదలబాకండి."

లారీ పల్లం దాటి మెరక ఎక్కింది. బిడ్డను చీరకొంగులో చుట్టుకుని పరంజ్యోతి బస్తాలకు ఆనుకుంది. నిమ్మకాయల వాసన, తుంపర, రక్తం. కొంచెం దూరం పోయినాక లింగమ్మ కళ్ళు తెరిచి, ఆ తూముల ఎవరమ్మా అని అడిగింది.

"దెయ్యం," అనింది పరంజ్యోతి. "మనిషైతే పిలిచినప్పుడు పలికేవాడు."