ముందే వెలిగే బోర్డు

డోన్ ఊరు దాటాక గుట్టను చుట్టి తిరిగే ఒక మలుపుంది. రాత్రి ఒంటిగంట దాటితే అక్కడ బండి ఆపే మగాడు లేడు. ఒక్క ఏడాదిలో ఐదుగురు పోయారు. వాళ్లలో ఒకాయన ఇంకా రోడ్డు పక్కన తిరుగుతున్నాడని లారీ డ్రైవర్లు చెప్పుకునేవాళ్లు.

ఇది నాకు చెప్పింది జీపు డ్రైవరు అయ్యన్న. దెయ్యాలు లేవని పగలంతా వాదించే మనిషి... చీకటి పడితే మాత్రం ఆ వాదన వాయిదా వేస్తాడు.

నిరుడు ఆ మలుపులో ఒక బోర్డు పెట్టారు. బండి జోరుగా వస్తే స్తంభానికున్న కెమెరా చూస్తుంది, బోర్డు మీద ‘నిదానం’ అని ఎర్రగా వెలుగుతుంది. ఎనిమిది నెలలైంది — ఒక్క ప్రాణం పోలేదు. అది నిజంగా బోర్డు పుణ్యమేనా అని తేల్చడానికి కర్నూలు నుంచి శిల్ప అనే ఇంజనీరమ్మ వచ్చింది. ఔనని తేలితే ఆలూరు దారిలో కూడా పెడతారు. ఆ దారిలోనే ఆమె తండ్రి సుబ్బయ్య రోజూ రాత్రి టమాటా లోడు తోలతాడు. అందుకే, ఔననే తేలాలని ఆమెకు మనసులో గట్టిగా ఉంది.

ప్రమాదాలన్నీ రాత్రి జరిగినవే కాబట్టి రాత్రే కాపు కాయాల్సి వచ్చింది. అయ్యన్న జీపు దూరంగా ఆపి లైట్లు ఆర్పాడు.

ఒంటిగంటన్నర... బోర్డు వెలిగింది.

రోడ్డు మీద ఏ బండీ లేదు.

అరనిమిషం తర్వాత గుట్ట వెనక నుంచి లారీ వచ్చింది, ఎర్ర అక్షరాలు చూసి జోరు తగ్గించుకుని పోయింది. కాసేపటికి మళ్లీ అంతే — ముందు వెలుగు, తర్వాత బండి. గుట్ట అవతల ఉన్న బండి కెమెరాకు ఎలా కనిపిస్తుంది?

శిల్ప లాప్‌టాప్ తెరిచి కెమెరా తీసిన బొమ్మలు చూసింది. ఈ రాత్రివి నల్లగా ఉన్నాయి. నిన్నటివీ నల్లగానే ఉన్నాయి. వెనక్కి, ఇంకా వెనక్కి పోయింది... దసరా దాకా అంతా నలుపే. నాలుగు నెలలుగా ఆ కెమెరాకు చూపే లేదు.

“అయ్యన్నా... మల్ల దీన్ని ఎవరు ఎలిగిస్తాండారు?”

అయ్యన్న జీపు తాళం మీద చెయ్యేశాడు. పోదాం పదమ్మా అని బతిమాలాడట. ఆమె టార్చి తీసుకుని దిగింది. జీపులో ఒక్కడే ఉండటం ఇంకా భయమై అతనూ దిగాడు.

టార్చి పైకి వేస్తే, కెమెరా కన్ను నిండా పసుపూ కుంకుమా పెచ్చు కట్టి ఉన్నాయి.

“ఆయుధపూజకు మేమే పూసినామమ్మా,” అన్నాడు అయ్యన్న తల దించుకుని. “మా పానాలు కాపాడతాండాది కదా అని... బండ్లతో పాటు దానికీ చేసినాము.”

అంతలో బోర్డు వెలిగింది.

ఆ ఎర్ర వెలుగులో, స్తంభం వెనక నుంచి ఒక చెయ్యి — గాజుల్లేని చెయ్యి. స్తంభానికున్న ఇనప పెట్టెలో వేళ్లు పెట్టి ఉంది.

శిల్ప చేతిలో టార్చి కింద పడింది. లారీ వచ్చి పోయేదాకా ఆ చెయ్యి కదల్లేదు.

“బయపడొద్దు తల్లీ... నేను పుల్లమ్మను.”

మలుపు దగ్గర టీ బంకు నడిపే ముసలామె. పోయిన ఐదుగురిలో లక్ష్మీనరసయ్య ఆమె మొగుడు. బోర్డు బిగించిన మెకానిక్ ఆమె బంకులో టీ తాగుతూ, పెట్టెలో చేత్తో వెలిగించే స్విచ్ ఉందని చూపించాడట. దసరా తర్వాత బోర్డు వెలగడం మానేసింది. ఎవరికి చెప్పాలో ఆమెకు తెలియలేదు. అప్పటి నుంచి రాత్రంతా అక్కడే కూర్చుని, గుట్ట అవతల లారీ మోత వినపడగానే స్విచ్ నొక్కుతోంది.

అయ్యన్న జీపును స్తంభం దగ్గరికి తెచ్చాడు. శిల్ప జీపు మీదికెక్కి, చున్నీ తడిపి కెమెరా తుడిచింది. తర్వాత వచ్చిన లారీకి బోర్డు తనంతట తానే వెలిగింది.

“ఇంగ అది చూసుకుంటాదా తల్లీ?” అంది పుల్లమ్మ. “చూసుకుంటాదంటే నేను పండుకుంటా. శానా నిద్ర ఉండాది.”

చూసుకుంటుందవ్వా, పడుకో అంది శిల్ప. ముసలామె అక్కడే కొంగు పరుచుకుని ఒరిగింది. ఇంకో లారీ వచ్చేలోగా గురక పెట్టింది.

అది బోర్డు పుణ్యమేనా కాదా అని శిల్ప ఆ రాత్రి కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. తెల్లారేదాకా పెట్టె పక్కనే కూర్చుంది. జోరుగా వచ్చిన ప్రతి బండికీ బోర్డు వెలుగుతూనే ఉంది... అయినా ఆమె స్విచ్ మీద నుంచి చెయ్యి తియ్యలేదట.