మామూలేనా?

ఆమె నన్ను చూసిన మొదటి రోజే దొంగల జాబితాలో వేసేసింది. దానికి కారణం నేను ఫోన్లో అన్న ఒక్క మాట.

మా ఊళ్ళో నాలుగు చోట్ల ఉన్న పాత హోటళ్ళకు ఉల్లిపాయలు వేసేది మేమే. నాన్న మొదలుపెట్టిన వ్యాపారం. ఇప్పుడు గోదాము అమ్మ చూస్తుంది, బయట తిరుగుడు నాది. ఆ హోటళ్ళన్నిటినీ బయటి కంపెనీ ఒకటి కొనేసిందని తెలియగానే నాకు గుబులు పట్టుకుంది. మా గిరాకీల్లో అదే పెద్దది. కొత్తవాళ్ళ వాలకం ఎలా ఉందో చూద్దామని వెళ్ళి, ఒక హోటల్ వెనక గుమ్మంలో నిలబడి, ఇంకో హోటల్ వంటమాస్టర్‌కి ఫోన్ చేశాను.

"మాస్టర్, మామూలు పంపించేస్తున్నా. ఎప్పటిలాగే వెనక గుమ్మం దగ్గర తీసుకోండి. కొత్తవాళ్ళొచ్చారని మామూలు ఆపేస్తామా ఏంటి?"

"ఎంత?" అంది నా వెనక ఓ ఆడగొంతు.

తిరిగి చూశాను. మెడలో కంపెనీ కార్డు, చేతిలో పెన్ను, పెన్ను కంటే వాడిగా కళ్ళు.

"ఏంటండీ?"

"మామూలు. ఎంత ఇస్తున్నారు?"

"మూడు బస్తాలండీ."

పెన్ను ఆగిపోయింది. "బస్తాలా!"

"ఆదివారాలైతే నాలుగు."

"ఎవరెవరికి?"

"అన్ని వంటగదులకీ. మాస్టర్లు చూసుకుని తీసుకుంటారు."

"ఎంత ధైర్యంగా చెబుతున్నారండీ! కంపెనీ ఊరుకుంటుందనుకుంటున్నారా?"

"ఊరుకోక ఏం చేస్తుంది? ఉల్లిపాయల్లేకుండా ఎలా వండుతారు?"

వంటగదిలో గరిటెల చప్పుడు ఆగింది. ఆ తర్వాత లోపలి మాస్టర్ నవ్వు మొదలైంది, ఎంతకీ ఆగలేదు.

"ఉల్లిపాయలా?" అంది ఆమె చిన్నగా.

"మరి మీరేమనుకున్నారు?"

ఆమె రాసుకున్నదేదో గట్టిగా కొట్టేసింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. లెక్క ప్రకారం ఆరోజు గెలుపు నాది. ఇంటికెళ్ళేసరికి నా దగ్గర మిగిలింది ఆ ఎర్రటి చెవులే.

కంపెనీ ఆమెకు రెండు పనులు అప్పగించింది. ఏ సరుకు ఎవరి దగ్గర కొనాలో తేల్చడం, టేబుళ్ళకు ఆర్డర్ తెరలు బిగించడం. తెర మీద బొమ్మను నొక్కితే వంటగదికి కబురు వెళ్ళాలి. వినడానికి బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, మా ఊళ్ళో ఎవరూ మెనూ చూడరు. వచ్చి కూర్చుంటారు. సర్వర్ "మామూలేనా?" అంటాడు. తలూపుతారు. అంతే.

"మామూలంటే ఏ ఐటమ్?" అని ఆమె సర్వర్‌ని అడిగింది.

"ఒక్కొక్కరికి ఒక్కొక్కటి మేడమ్."

ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. ఆమె టేబుల్ టేబుల్‌కీ తిరిగి అడగడం మొదలుపెట్టింది. ఒకాయనకి బాగా మాడిన ఆమ్లెట్. ఒకావిడకి కాఫీ, కిటికీ పక్క కుర్చీ. ఆ కుర్చీ దొరక్కపోతే కాఫీ కూడా వద్దు. బ్యాంకు గుమాస్తాగారికి సూప్, తర్వాత ఉప్పు తక్కువైందని మాస్టర్‌ని తిట్టడం.

"ఉప్పు సరిపోతే?" అని అడిగింది.

"అప్పుడు మేనేజర్‌ని తిడతానమ్మా."

వంటగదిలో ఆమెకు 'క్వశ్చన్ పేపర్' అని పేరు పెట్టేశారు. నాకు ఆమె పెట్టిన పేరు 'ఉల్లిపాయలవారు'.

ఆ వారంలోనే పాత ఓనరుగారు వచ్చారు. అన్నేళ్ళూ గల్లాపెట్టె వెనక కూర్చున్న మనిషి, మొదటిసారి టేబుల్ ముందు కూర్చున్నారు. సర్వర్ అలవాటుకొద్దీ "మామూలేనా సార్?" అనేశాడు. పెద్దాయన నోరు తెరిచి, మూసి, "నా మామూలేంట్రా?" అన్నారు. వాడికీ తెలీదు. ఆయన రోజూ ఇంటి క్యారియరే తిన్నారు మరి.

ఆమె దూరంగా నిలబడి చూసింది. పెన్ను తియ్యలేదు.

"సొంత హోటల్లో తనకేం ఇష్టమో తెలీకుండానే అమ్మేశారా ఆయన?" అంది నాతో.

"అమ్మాకే కదండీ తీరిక దొరికింది. ఇప్పుడు తెలుసుకుంటారు."

"మరి మీ మామూలేంటి?"

"నాకెక్కడిది? వెనక గుమ్మంలోంచి వస్తా, వెనక గుమ్మంలోంచే పోతా."

"ఓసారి ముందు గుమ్మంలోంచి రండి ఉల్లిపాయలవారూ, చూద్దాం."

వెళ్ళాను. మర్నాడూ వెళ్ళాను. సరుకు దించడానికి కాకుండా హోటల్‌కి వెళ్ళడం ఏ రకంగా గిట్టుబాటో నాకే అర్థం కాలేదు. ఇద్దరం కాఫీ తాగేవాళ్ళం. ఆమె అడిగేది, నేను చెప్పేవాణ్ణి.

గోదాము చూడ్డానికి వచ్చిన రోజు మబ్బు పట్టింది. "గోనెసంచులే ఎందుకు? ఫ్యాన్లు ఎవరికి? తరుగంటే ఏంటి ఆంటీ?" అని అమ్మని ఊపిరాడనివ్వలేదు. ఎండేకొద్దీ బరువు తగ్గడమే తరుగని అమ్మ చెబుతుండగానే వాన దిగింది. బయట వ్యాన్‌లో బస్తాలు! నేను పరుగెత్తాను. టార్పాలిన్ రెండో కొస పట్టుకుని లాగుతూ ఆమె! గాలికి పట్టా ఎగిరి మా ఇద్దరి మీదే పడింది. బస్తాలు సగం తడిశాయి, మేం పూర్తిగా తడిశాం.

పట్టా కింద చీకట్లోంచి ప్రశ్న వచ్చింది. "తడిస్తే ఏమవుతాయి?"

"మొలకలొస్తాయి."

"మనం తడిస్తే?"

"అది మా లైన్ కాదండీ."

నవ్వింది. అంత దగ్గరగా ఆ నవ్వు వినడం అదే మొదలు.

ఆమె వెళ్ళాక అమ్మ కాటా తుడుస్తూ, "ఆ పిల్ల ఉల్లిపాయల్ని ఎంతసేపు చూసిందో నిన్నూ అంతసేపు చూసింది. నువ్వు మాత్రం ఉల్లిపాయల వంక తిరగనేలేదురా" అంది.

చిక్కు అక్కడే వచ్చింది. కంపెనీ కొటేషన్లు అడిగింది. నేనూ ఇచ్చాను. ఎవరిది తీసుకోవాలో రాయాల్సింది ఆమె. అది రాసేసి తెరలు కూడా బిగిస్తే పని అయిపోతుంది, వెళ్ళిపోతుంది. ఈలోగా నా మనసులో మాట చెప్పాలి. కానీ నా కొటేషన్ ఆమె చేతిలో ఉండగా చెబితే, ఆ మాటకి విలువేముంటుంది?

ఎటు తూచినా ఒకటే తేలింది. వెళ్ళి కొటేషన్ వెనక్కి తీసుకున్నాను.

అమ్మ నమ్మలేదు. "పెద్ద గిరాకీ వదిలేశావా? ఎందుకు?"

"ఆ అమ్మాయికి ఓ మాట చెప్పాలమ్మా."

"చెప్పావా?"

"ఇంకా లేదు."

"గిరాకీ వదిలేసి బేరం మాత్రం మొదలెట్టలేదా! ఎవరి కడుపున పుట్టావురా నువ్వు?"

అంతలో ఆమే గోదాముకి వచ్చింది. గుమ్మంలోంచే అందుకుంది.

"కొటేషన్ ఎందుకు వెనక్కి తీసుకున్నారు? సరుకు బాగుంది, రేటు బాగుంది. మీ బుర్ర బాగుందా?"

"మీకు ఒకటి చెప్పాలి. కొటేషన్ మీ దగ్గరుండగా చెబితే దాన్ని ఏమంటారు?"

కాస్త ఆలోచించింది. "...మామూలంటారు."

"మొదటి రోజే పట్టుకోబోయారు కదా. ఈసారి నిజంగా దొరికిపోతానని వెనక్కి తీసుకున్నా."

"ఏంటది?"

జీవితంలో ఎన్నో బేరాలాడాను. రేటు చెప్పాక అవతలి మొహం చూడకూడదన్నది మా నాన్న నేర్పిన సూత్రం. అయినా చూశాను.

"మీరంటే నాకిష్టం. మీకు ఇష్టం లేకపోతే నష్టమంతా నా ఖాతాలోనే రాసుకుంటా. మీకేం తరుగుండదు."

ఆమె మొహం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

"ఉల్లిపాయల ఘాటా అండీ?" అన్నాను కంగారుగా.

"కొయ్యని ఉల్లిపాయకి ఘాటెక్కడిది? వ్యాపారి అయ్యుండి ఆ మాత్రం తెలీదూ?" అని ముక్కు ఎగబీల్చింది. "నిన్ననే మా ఆఫీసుకి ఫోన్ చేశాను. ఉల్లిపాయల సంగతి వేరేవాళ్ళకి అప్పగించండి, నేను సరిగ్గా తూచలేను అన్నాను."

"ఎందుకు తూచలేరట?"

"ముల్లు ఒక పక్కకే మొగ్గుతోందని."

బస్తాల వెనక చేరి వింటున్న అమ్మ లేచింది. "అంటే కొటేషన్ ఉంచినా సరిపోయేదేగా! ఒరేయ్, ముందు ఆ పిల్లని ఓ మాట అడిగి చావొచ్చు కదా!" అని తల పట్టుకుని, ఆమె వైపు తిరిగింది. "చూశావుగా అమ్మాయ్, మావాడికి వ్యాపారం రాదని ఇవాళ తేలిపోయింది. అయినా కావాలా?"

"నాకొచ్చుగా అత్తయ్యా."

నిన్నటిదాకా ఆంటీ. అమ్మ ఆ పిలుపుని ఒక్క క్షణం చేతిలో పట్టుకుని బరువు చూసినట్టు ఆగి, "కూర్చో, కాఫీ పెడతాను" అంది.

కంపెనీ ఉల్లిపాయలు వేరే ఊరి నుంచి కొంటోంది. బాగానే ఉంటున్నాయి, ఒప్పుకోవాలి. నేను హాస్టళ్ళ చుట్టూ, క్యాంటీన్ల చుట్టూ తిరిగి గిరాకీల్లో పడ్డ ఖాళీ మెల్లగా పూడ్చుకుంటున్నాను. నాలుగు హోటళ్ళూ చూసుకునే మనిషి కావాలని కంపెనీ అంటే ఆమె నేనుంటానని ఇక్కడే ఆగిపోయింది.

తెరలు బిగించిన రోజు నన్ను ముందు గుమ్మంలోంచి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. తెర నిండా బొమ్మలు. కింద, ఒక మూల, బొమ్మ లేని బటన్ ఒకటి. దాని మీద 'మామూలు' అని ఉంది.

"ఇది పెట్టించడానికి మా వాళ్ళతో ఎంత పోట్లాడానో తెలుసా?"

"నొక్కితే ఏమొస్తుంది?"

"నొక్కి చూడండి."

నొక్కాను. సర్వర్ వచ్చాడు. నన్ను చూశాడు, ఆమెను చూశాడు, నవ్వు ఆపుకున్నాడు.

"మామూలేనా అన్నా? ఇద్దరికీ కలిపా, విడివిడిగానా?"

నేను నోరు తెరిచేలోపు ఆమె అంది.

"కలిపే. ఇకనుంచి అదే మామూలు."