బట్టీ సెగ

కూతురు పడిపోయిందని బడి నుంచి ఫోన్ వచ్చేసరికి కోడలు బేకరీలో రొట్టెల ట్రే బయటికి లాగుతోంది. పరుగుపందెం సాధనలో ఉన్నట్టుండి కుప్పకూలిందట... లేచిందట, మాట్లాడుతోందట, ఆస్పత్రికి తీసుకెళ్తున్నారట. సగం మాటలు ఆమె చెవికెక్కనే లేదు. చేతుల పిండి కూడా కడుక్కోకుండా పరుగెత్తింది. వెనకే అత్తగారు. ఆ పిల్ల ఒక్కచోట కుదురుగా నిలవదని ఇంట్లో అందరూ పిడుగు అంటారు. తండ్రి లేని బిడ్డ, తల్లికి అదే లోకం.

నిజానికి కళ్ళు తిరిగి పడిపోవడం ఆ ఇంట్లో కొత్తేం కాదు. అత్తగారి తండ్రి పడేవాడు, అత్తగారూ పడేది. ఆవిడ పుట్టింటా మెట్టినింటా బట్టీ ముందు నిలబడే బతుకులు కనక దానికి "సెగ కొట్టడం" అని పేరు పెట్టుకున్నారు. మొహాన నీళ్ళు చల్లి, కాసేపు ఆటపట్టించి, మళ్ళీ పిండి కలపడంలో మునిగిపోయేవాళ్ళు. కోడలి భర్త మాత్రం అలా పడినవాడు మళ్ళీ లేవలేదు. కొన్నేళ్ళ కిందట ఒక ఉదయం ఆలుమగలిద్దరూ ఏదో చిన్న విషయానికి మాటా మాటా అనుకున్నారు. అతను విసురుగా వెళ్ళి బట్టీ ముందు నిలబడ్డాడు, అక్కడే ఒరిగిపోయాడు.

"సెగ మా ఇంట్లో ఎవర్నీ చంపలేదు. నీ నోటికే పోయాడు," అంది అత్తగారు ఆ రోజు.

ఆ మాట ఆవిడ మళ్ళీ అనలేదు. అనక్కర్లేకపోయింది... కోడలే రోజూ తనకు తాను అనుకునేది. పుట్టింటివాళ్ళు రమ్మన్నా వెళ్ళలేదు. మొగుడు పడిపోయిన చోటే నిలబడి, ఒళ్ళు హూనం చేసుకుని ఆ ఇంటిని నడుపుకొచ్చింది. అంత పిచ్చిది!

ఆస్పత్రిలో మొదటి పరీక్ష చూసి గుండె రక్తాన్ని బాగానే తోస్తోందన్నారు. ఎండ తగిలుంటుంది, ఇంటికి పోదాం పదమని అత్తగారు అప్పుడే చెప్పులేసుకుంది. డాక్టరమ్మ కదలనివ్వలేదు. తండ్రి ఎలా పోయాడు, ఇంట్లో ఇంకెవరైనా పడిపోయేవారా అని గుచ్చి గుచ్చి అడిగింది. అత్తగారు సెగ కొట్టిన కథలన్నీ నవ్వుతూ చెప్పుకొచ్చింది. డాక్టరమ్మ నవ్వలేదు. పిల్లకి గుండె ఎమ్మారై తీయాలి, మీకూ తీయాలి అంది. రాయిలా ఉన్నాను, నాకెందుకని గొణుగుతూనే ఆవిడ ఒప్పుకుంది.

పిడుగు ఎమ్మారై గొట్టంలో కదలకుండా పడుకుని, ఊపిరి బిగబట్టమన్నప్పుడల్లా బిగబట్టింది. అద్దానికి ఇవతల తల్లి కూడా తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టింది.

ఫలితాలు వచ్చాక డాక్టరమ్మ అత్తాకోడళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి తెర మీద బొమ్మ చూపించింది. నల్లగా ఉండాల్సిన గుండె కండలో తెల్లటి మచ్చలు. అక్కడ కండ చచ్చి, మానిన గాయంలా గట్టిపడిందట. గుండెను కొట్టించే కరెంటు అక్కడికొచ్చి దారి తప్పితే, గుండె కొట్టుకోవడం మాని వణుకుతుందట. పంపింగ్ ఎంత బాగున్నా ఇన్ని మచ్చలుంటే ప్రమాదం పొంచి ఉన్నట్టేనంది. ఇక పరుగులు వద్దు. భుజం కింద చర్మం లోపల చిన్న పరికరం పెట్టాలి, లయ తప్పితే అదే షాక్ ఇచ్చి గుండెను దారిలో పెడుతుంది.

తర్వాత ఇంకో బొమ్మ పెట్టింది. అలాంటి మచ్చలే, ఇంచుమించు అదే చోట.

"ఇది మీ గుండె," అంది అత్తగారితో. "ఈ జబ్బు వంశంలో దిగొస్తుంది. మీ అబ్బాయికీ ఇదే ఉండుంటుంది."

"మరి... ఆ రోజు వాళ్ళిద్దరూ గొడవపడ్డారు కదమ్మా?"

"గొడవపడని ఇల్లేది? ఈ గుండె మెట్లెక్కినా ఆగొచ్చు, నిద్రలోనైనా ఆగొచ్చు. ముందే బొమ్మ తీసుంటే తెలిసేది."

అత్తగారు వరండాలోకి రాగానే బెంచీ మీద కూలబడింది.

"నా దగ్గర్నుంచే పోయిందే వాడికి... నా కొడుకుని నేనే పొట్టన పెట్టుకుని, ఇన్నేళ్ళూ నిన్ను కాల్చుకుతిన్నాను. ఒక్కసారైనా ఎదురు చెప్పలేదేమే?"

కోడలికి గుండె తేలికపడాలి. ఏళ్ళ తరబడి మోసిన బరువు దిగిపోయిన క్షణం అది. కానీ గాజు తలుపు అవతల పిడుగు మంచం మీద కూర్చుని నర్సుతో ఏదో వాదిస్తోంది, పందేనికి ఎప్పుడు పంపిస్తారని కాబోలు. దాన్నే చూస్తూ ఆమె అత్తగారి చేతులు పట్టుకుంది.

"నా తప్పే అయ్యుంటే బాగుండేది అత్తయ్యా... నా తప్పైతే నాతోనే పోయేది."

అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. ఇక పరుగెత్తకూడదని పిల్లకి తనే చెప్తానంది. ఏడ్చినా తిట్టినా అది తననే తిట్టనీ, నువ్విక్కడే కూర్చోమంది. ఆవిడ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాక, భర్త పోయిననాడు కూడా నోరు నొక్కుకునే ఏడ్చిన కోడలు, ఆ వరండాలో బావురుమంది.