నక్కల గెడ్డ వంతెన కింద చప్పుడు

గజపతినగరం దాటి మూడు మైళ్ళు పోతే నక్కల గెడ్డ అనే వాగు. దాని మీద తెల్లదొరల నాటి రాతి వంతెన, మూడు కమానులు. అరవై ఎనిమిదిలో, వానలు మొదలైన దగ్గర్నుంచీ దానికి చెడ్డపేరు వచ్చిందంటారు. పొద్దుగూకితే బండివాళ్ళు ఎడ్ల తోకలు మెలిపెట్టి మరీ పరుగెత్తించేవారట. ఎందుకంటే వంతెన కింద... రాతి లోపల్నుంచి... చప్పుడు.

టక్... టక్... టక్.

కట్టేటప్పుడు ఓ ఆడమనిషిని గోడలో పెట్టి కట్టేశారనీ, ఆవిడే బయటికి రావడానికి కొట్టుకుంటోందనీ ఊరు తేల్చేసింది. ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు లేచింది? దానికీ జవాబు సిద్ధం. ఎండాకాలంలో వంతెనకి మరమ్మతు చేసిన ఎల్లాజీ మేస్త్రీ, కోడిని కొయ్యకుండానే తాపీ పట్టాడు!

మాట నిజమే. కంట్రాక్టరు తొందరపెడితే కోడి సంగతి వదిలేశాడు. రాళ్ళ మధ్య సందన్నది లేకుండా సిమెంటుతో నున్నగా పూసి, చూసుకుని మురిసిపోయాడు పాపం. ఇప్పుడు ఆ చేతుల్తో పశువులశాల గోడ కట్టించుకోవడానిక్కూడా ఎవరూ పిలవడం లేదు. పనులన్నీ చినబాబు మేస్త్రీకి పోతున్నాయి. మూడు నెలలుగా ఇంట్లో అంబలే గతి.

ఎల్లాజీకి దెయ్యం మీద నమ్మకం లేదు. అనుమానమంతా చినబాబు మీదే.

"సుత్తట్టుకుని ఆడే కొడతన్నాడు," అన్నాడు పెళ్ళాంతో. "నా కూడు పడగొట్టడానికి."

"ఆడు కాపోతే?" అంది అసిరమ్మ, గొంతు తగ్గించి. "ఎల్లకు మావా. దానికి నీ మీదే కోపం."

తుఫాను పట్టేలా ఉంది. అయినా ఆగలేదు. దీపాలు పెట్టే వేళకి లాంతరు పుచ్చుకుని బయల్దేరాడు.

గెడ్డ చేరేసరికి చీకటి. ముసురు. ఏ చప్పుడూ లేదు. నన్ను చూసి పారిపోయుంటాడు దొంగ, అనుకున్నాడు. అంతలో...

టక్.

ఒత్తి తగ్గించి గట్టు దిగాడు. చివరి కమాను కింద, గోడ మొదట్లో, ఏదో ఆకారం... నెత్తిన గోనె. గోడకేసి తిరిగి కూచుంది.

"ఒరే చినబాబూ!"

తిరగలేదు.

"ఎవుడ్రా అది?" అని అరిచాడు. గొంతు కమాను కింద గింగురుమంది. అయినా ఆ ఆకారానికి వినబడినట్టే లేదు. టక్... టక్... చినబాబు ఇంత బక్కగా ఉండడే! మనిషన్నవాడు ఉలిక్కిపడడా? పెళ్ళాం మాట వినాల్సింది అనుకున్నాడు.

చప్పుడు ఆగింది. ఎండిన చెయ్యి ఒకటి రాతి మీద ఆనింది. మరుక్షణం గోడ బుస్సుమంది... ఎర్రగా ఏదో బయటికి చిమ్మింది.

రక్తం!

ఎల్లాజీ వెనక్కి పడ్డాడు. లాంతరు రాళ్ళ మీద దొర్లింది. వెలుగు కదిలేసరికి ఆకారం ఇటు తిరిగింది.

పైడయ్య! తన కన్నతండ్రి. తనకి పని నేర్పిన మేస్త్రీ. ఎండాకాలంలో ఈ సిమెంటు దగ్గరే మాటామాటా పెరిగి, గెడ్డ అవతల కూతురింటికి అలిగి వెళ్ళిపోయినవాడు.

"అయ్యా! నువ్వేటిక్కడ?"

ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళు రాళ్ళు కొట్టీ కొట్టీ ఆ చెవులు ఎప్పుడో పోయాయి.

"నీరు పోడానికి మా తాతలు ఇడిచిన కన్నాలన్నీ మూసేసినావురా," అన్నాడు మెల్లగా. గోడలోంచి ఎర్రమట్టి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. "లోపల మన్ను ఉబ్బిపోనాది. తుఫానొస్తే వంతెన ఉంటాదేటి? పగలు కొడితే నా కొడుక్కి పని రాదనీసి నలుగురూ అనుకుంటారు. అందుకే... ఎవులికీ ఇనబడకండా సీకట్లో కొడతన్నాను."

ఎవరికీ వినబడకుండా!

ఎల్లాజీకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. మూడూళ్ళకి వినబడుతోందని చెప్పబోయాడు. ఆ తడిసిన మొహం చూశాక నోరు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. దెయ్యాన్ని లేపాడన్న నిందే నయం అనుకున్నాడు.

"ఇంకెన్నున్నాయి?" అని వేళ్ళు ఆడించి అడిగాడు.

"ఏడు."

"ఆ రెండో ఉలి ఇటియ్యి," అని ముసలాయన పక్కనున్న ఉలి వైపు చెయ్యి చాపాడు.

మర్నాడు గజపతినగరం సంతలో ఎవరి నోట విన్నా ఒకటే మాట. నక్కల గెడ్డలో దెయ్యాలు ఇప్పుడు రెండట!